మాస్టారి పెట్టెలో చిన్న కెపాసిటర్

వానలు వెనకబట్టాక ఏటా ఒక రోజు, వెనక వసారాలో చూరు కింద వేలాడగట్టిన దోమతెర గుడ్డ మూటని దించి విప్పుతాను. తడిసి ఆరిన గుడ్డ వాసన, వంటింటి పొగ వాసన, వాటి వెనక సన్నగా తుప్పు వాసన కలిసి ముక్కుకి తగలగానే వెంకటరత్నం మాస్టారు పక్కన పీట వాల్చుకుని కూర్చున్నట్టే ఉంటుంది. మూటలో ఉండేవి రెసిస్టర్లు. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దవి, ఒంటి నిండా రంగు చారలు ఉన్నవి. వానాకాలమంతా వాటినలా బయట కట్టి ఉంచడం చూసి మా వీధిలో వాళ్ళు దిష్టికి కట్టాననుకుంటారు. ఎదురింటావిడ అయితే తనకీ ఒక మూట కట్టిపెట్టమని అడిగింది. కట్టి ఇచ్చాను, నాదేం పోయింది.

నేను చేసేవి గిటారు యాంప్లిఫయర్లు. అదీ పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచేవి. అరచేతిలో పట్టే పరికరాలు వచ్చేసిన ఈ రోజుల్లో ఇంత బరువు పెట్టెలు ఎవరు కొంటారని అడుగుతుంటారు. కొనేవాళ్ళున్నారు. తీగ మీద వేలు ఎంత గట్టిగా పడిందో, ఎంత మెత్తగా లేచిందో ఈ పెట్టె అంతా పట్టిచ్చేస్తుందని వాయించేవాళ్ళు చెబుతారు. నా చేతికి ఈ విద్య వచ్చిందంటే, పూట గడవడానికి దాన్నే నమ్ముకున్నానంటే, అది మాస్టారి చలవ. ఆయన్ని ఎరగనివాళ్ళకి ఆయన గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కూర్చుంటే కుదరడం లేదు, అంతే.

రాజోలులో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా పాటకచేరీ పార్టీలో గిటారు వాయించేవారట. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ ఊరూరా తిరుగుతుంటే, దారి గతుకులకి యాంప్లిఫయరు ఊరికొకసారి మొరాయించేదట. బాగుచేసేవాడి కోసం ఎదురుచూడలేక తనే స్క్రూడ్రైవరు పట్టుకున్నారు. అలా మొదలైన పిచ్చి రిటైరయ్యాక పూర్తిగా ముదిరింది. నేను పాలిటెక్నిక్ చదివి అమలాపురంలో ఒక టీవీ రిపేరు షాపులో చేసేదాన్ని. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక ఆ షాపు మూతపడింది. మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు. ముప్ఫై దాటిన మనిషిని, చేతులు ఊరికే ఉంచుకుని ఇంట్లో కూర్చోలేక, వెళ్ళి మాస్టారిని పని అడిగాను.

ఆయన నా చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. "గోడ వైపు తిరిగి కూచోమ్మా పద్మా," అన్నారు. కూర్చున్నాను. వెనకాల ఆయన గిటారు మీద ఒక చిన్న పాట వాయించారు. ఏదో టక్కుమన్న చప్పుడైంది. మళ్ళీ అదే పాట వాయించారు. మొదటిసారికీ రెండోసారికీ పెట్టెలో ఒక్క కెపాసిటరే మార్చారని తరవాత తెలిసింది.

"ఏది బాగుందని నేనడగను. ఏది విన్నాక ఇంకో పాట వాయించమని అడగాలనిపించింది?" అన్నారు.

"రెండోదండి. మొదటిది విన్నాక లేచి వెళ్ళిపోదామనిపించింది," అన్నాను. నాకు నోటిదురుసు చిన్నప్పటి నుంచీ ఉంది. మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంది.

ఆయన పెద్దగా నవ్వారు. "రేపట్నుంచి వచ్చెయ్," అన్నారు.

ఇక ఆ చూరు సంగతి. మా కోనసీమలో గాలి కూడా తడిగానే ఉంటుంది. వానాకాలం వస్తే ఉప్పు నీరైపోతుంది, అగ్గిపుల్ల వెలగదు, తలుపులు ఉబ్బి గుమ్మాల్లో బిగుసుకుంటాయి. కార్బన్‌తో చేసిన రెసిస్టరు కూడా ఆ తడిని పీల్చుకుంటుంది. కరెంటుని ఎంతవరకు ఆపాలో అంతవరకే ఆపడం దాని పని. తడి తగిలితే లెక్క తప్పి ఎక్కువ ఆపడం మొదలుపెడుతుంది. వేసవిలో హాయిగా పలికిన పెట్టె శ్రావణం వచ్చేసరికి బుసకొడుతుంది, గొంతు మారిపోతుంది. అందుకని మాస్టారు కొత్త రెసిస్టర్లని ముందు మీటరుతో కొలిచి, ఒక్కోదానికీ చీటీ అంటించి, ఒక వానాకాలమంతా చూరు కింద వదిలేసేవారు. దించాక మళ్ళీ కొలిస్తే మారనివి పెట్టెలోకి వెళ్ళేవి, మారినవి చెత్తబుట్టలోకి వెళ్ళేవి. హైదరాబాదు నుంచి ఒకాయన ఫోను చేసి పెట్టె ఎప్పుడిస్తారని తొందరపెడితే, "ఆయ్, వానలు వెళ్ళాలండి. నా చేతిలో ఏం లేదండి," అని చెప్పడం నా చెవులతో విన్నాను. అవతలాయన ఏమనుకున్నాడో మరి, పెట్టె కోసం మాత్రం ఆగాడు.

లోహపు పూతతో చేసిన మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు తడి పీల్చవని, బుస కూడా తక్కువని, ఇంత తతంగం అక్కర్లేదని నేను వాదించాను. ఆయనకి కోపం రాలేదు. "అలాగే, వాటినీ కడదాం. వానే చెబుతుంది," అన్నారు. ఆ ఏడు రెండు రకాలూ పక్కపక్కన వేలాడాయి. దించి కొలిస్తే నా మెటల్ ఫిల్మ్‌లు ఇసుమంత కూడా కదల్లేదు. మాస్టారు ఆ రోజే చాలాచోట్ల కార్బన్ తీసేసి అవి వాడటం మొదలుపెట్టారు. మొదటి వాల్వు దగ్గర మాత్రం, పాటకి ఆ కాస్త గరుకుతనం ఉండాలని, కార్బనే ఉంచుకున్నారు. పరీక్ష పెట్టి చూపిస్తే ఒప్పుకునే మనిషి. అది నేను మనసులో పెట్టుకున్నాను.

పని నేర్పేటప్పుడు మాత్రం కఠినంగా ఉండేవారు. స్విచ్చి కట్టేశాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. దాన్ని దింపకుండా చేయిపెడితే ప్రాణానికే ముప్పు. రెండు చేతులూ లోపల పెడితే మరీ ప్రమాదం, కరెంటు గుండె మీదుగా పోతుంది. "ఎడం చెయ్యి కొంగులో దోపుకో. కుడి చెయ్యి ఒక్కటే పెట్టెలోకి వెళ్ళాలి," అనేవారు. మరిచిపోతే అప్పటికప్పుడు పని ఆపించేవారు. ఇప్పటికీ పెట్టె మూత తీయగానే నా ఎడం చెయ్యి దానంతటదే కొంగులోకి పోతుంది.

కెపాసిటర్లు ఏరడం ఇంకో రకం పని. ఒక వాల్వుకీ ఇంకో వాల్వుకీ మధ్య కెపాసిటరు గుమ్మంలో కూర్చున్న పెద్దావిడలా ఉంటుంది. సరఫరా కరెంటుని గుమ్మం దాటనివ్వదు, పాటని మాత్రం లోపలికి రానిస్తుంది. పెద్దది పెడితే మంద్రస్వరాలు కూడా బాగా వస్తాయి, మరీ పెద్దదైతే పెట్టె గొంతులో బురద చేరినట్టుంటుంది. చిన్నది పెడితే పాట తేలికపడుతుంది. మీటరు విలువ చెబుతుందే గాని ఏది పెట్టాలో చెప్పదు. అందుకే ప్రతి పెట్టెకీ నాలుగైదు రకాలు క్లిప్పులతో తగిలించి, వాయించి, విని, ఒకదాన్ని ఎంచేవారు. ఆ పనికి ఆయన చెవులే ఆధారం. ఆ చెవుల మీద ఆయనకి గర్వం కూడా ఉండేది, ఉండకేం. వాల్వు మీద గోటితో తడితే అది ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పేవారు, చాలాసార్లు నిజమయ్యేది.

అన్నిటికన్నా చిన్న కెపాసిటరు ఒకటుంది. వాల్యూము తిప్పే మీటకి అడ్డంగా పెడతారు. అభ్రకంతో చేసినది, చింతగింజంత ఉంటుంది. వాల్యూము తగ్గించినా పైస్వరాలు మాత్రం దానిలోంచి దాటుకుని వచ్చేస్తాయి, దాంతో పాటకి కాస్త మెరుపు వస్తుంది. మాస్టారు మొదట్లో అక్కడ వంద విలువది పెట్టేవారు. రెండేళ్ళు పోయాక రెండువందల యాభై అయింది. ఆ తరవాత ఐదువందలు. "ఈ మధ్య వచ్చే స్పీకర్లు మొద్దువమ్మా, మెరుపు చాలట్లేదు," అనేవారు. ఆ పెట్టె పక్కన కూర్చుంటే నాకు చెవిలో సూది పెట్టినట్టుండేది. స్పీకర్లేమీ మారలేదని నాకు తెలుసు, ఎందుకంటే తెప్పించేది నేనే.

మావాళ్ళకి మర్యాద ఎక్కువ. ఎదుటి మనిషి నొచ్చుకుంటాడంటే ఉప్పు లేని కూరని కూడా వేలు నాక్కుని మెచ్చుకుంటారు. మాస్టారి దగ్గర పెట్టె తీసుకున్నవాళ్ళు కూడా ఆయన ఎదుట, "ఆయ్, బ్రహ్మాండంగా ఉందండీ," అనేవారు. తరవాత మా ఇంటి పెరటి గుమ్మం దగ్గరకొచ్చి, "ఏవండీ పద్మగారూ, కొంచెం గుచ్చుతోందండి, మాస్టారికి తెలియకుండా ఆ చిన్నది తీసెయ్యరూ," అని బతిమాలేవారు. ఆయన పెట్టెని ఆయన ఎరక్కుండా ముట్టుకోనని చెప్పి పంపేసేదాన్ని. వాళ్ళు ఆయనకి చెప్పరు. నన్ను చెప్పమంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక సాయంత్రం వాన వెలిశాక అరుగు మీద కూర్చున్నాం. దొడ్లో కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. మాస్టారు చుట్టూ చూసి, "ఏమ్మా, ఈ ఏడు కీచురాళ్ళే లేవేంటి? పొలాల్లో మందులు కొట్టి కొట్టి వాటినీ చంపేసేరు," అన్నారు.

గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, నా వైపు ఒకసారి చూసి, "ఆయ్, ఈ ఏడు తక్కువేనండి," అని ఆయనతో అంది. తరవాత నన్ను వంటింట్లోకి పిలిచి చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసమ్మా. రెండేళ్ళబట్టీ చూస్తున్నాను. మాటలు బాగానే వినపడతాయి, సన్నటి చప్పుళ్ళే పోయేయి. చెప్పకే తల్లీ. ఆ చెవులే లేవంటే ఆయన ఇంక పెట్టె ముట్టుకోరు. పెట్టెలు లేకపోతే ఈ మనిషిని నేను నిలబెట్టలేను."

పిన్నిగారి భయం నాకు అర్థమైంది. ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఇలాగే సాగితే, ఆయన పెట్టె అంటే జనం దూరం నుంచే దణ్ణం పెట్టి తప్పుకుంటారు. ఆయన మాత్రం చివరిదాకా బాగున్నాయనే అనుకుంటారు. అంత మంచి మనిషిని అందరూ కలిసి మర్యాదగా మోసం చేస్తున్నాం.

మర్నాడు ఆయన కొత్త పెట్టెకి వెయ్యి విలువ ఉన్నది తీశారు. టంకం కడ్డీ వేడెక్కుతోంది.

"అది వద్దండి మాస్టారూ," అన్నాను.

"ఏం?"

"గుచ్చుతుందండి. దీని ముందుదీ గుచ్చింది. దాని ముందుదీ గుచ్చింది."

"ఎవరన్నారు?"

"అందరూ అన్నారండి. మీతో తప్ప."

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు పుట్టకముందు నుంచీ వింటున్నాయమ్మా ఈ చెవులు," అన్నారు. అంత గట్టిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా నా నోరు ఆగలేదు. "కీచురాళ్ళు ఉన్నాయండి. ఎప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి. మీకు వినపడట్లేదు," అన్నాను. ఆయన టంకం కడ్డీని స్టాండులో పెట్టి లోపలికెళ్ళిపోయారు. పిన్నిగారు నా వంక చూడను కూడా చూడలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆయన మీద జాలితో సగం, ఈ మాట అనాల్సినవాళ్ళు ఊరినిండా ఉండగా నా నెత్తిన పడిందన్న ఉక్రోషంతో సగం.

కొన్నాళ్ళు ఆయన గది తలుపు తెరుచుకోలేదు. తరవాత ఒక మధ్యాహ్నం పిన్నిగారే వచ్చి, "రమ్మంటున్నారు," అంది. వెళ్ళేసరికి మాస్టారు గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. నాకు పెట్టిన పరీక్షే తనకి పెట్టమన్నారు. నాకు అప్పటికి గిటారు కొద్దిగా పట్టుబడింది, ఆయనే నేర్పారు. వంద విలువ కెపాసిటరు పెట్టి వాయించాను. వెయ్యి విలువది పెట్టి వాయించాను. మళ్ళీ వందది.

"మార్చేవా?" అన్నారు.

"ఆయ్, మార్చేనండి."

"మళ్ళీ?"

"మళ్ళీ మార్చేనండి."

"తేడా ఉందా?"

"చాలా ఉందండి మాస్టారూ."

ఆయన లేచి కండువా భుజాన వేసుకుని, "సామాను సర్దు. ఎవరెవరికి ఇచ్చేమో అందరిళ్ళకీ వెళ్దాం," అన్నారు.

అలా మొదలైంది మా ఊరేగింపు. సంచిలో టంకం కడ్డీ, మీటరు, వంద విలువ కెపాసిటర్లు వేసుకుని బస్సులెక్కాం. మొదట కొత్తపేట. అక్కడ పెళ్ళిళ్ళలో వాయించే ఒకాయన ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చి, "ఆయ్, పెట్టె చాలా బాగుందండీ. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటున్నారండి," అన్నాడు.

"బాగాలేదని అనండి. అంటేనే మీ కాఫీ తాగుతాను," అన్నారు మాస్టారు.

ఆయన నా వైపు చూశాడు, వాళ్ళావిడ వైపు చూశాడు. "అబ్బే, అలాంటిదేం లేదండి," అన్నాడు. మాస్టారు కదల్లేదు. కాఫీ చల్లారుతోంది. ఆఖరికి ఆయన చెమట తుడుచుకుని, "పైస్వరాలు కొంచెం ఎక్కువయ్యేయేమోనండి," అన్నాడు.

"కొంచెమా?"

"తలనెప్పి వస్తోందండి మాస్టారూ."

"అమ్మయ్య," అని మాస్టారు కాఫీ గ్లాసు అందుకున్నారు. ఆ మనిషి పాపం అంతకన్నా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. రావులపాలెంలోనూ ఇంచుమించు ఇదే భాగోతం. అక్కడి కుర్రాడి చేత ఒక్క లోపం చెప్పించడానికి అరటిగెలల లారీలు వచ్చి నిండి వెళ్ళిపోయేంత సేపు పట్టింది.

ఓడలరేవులో మాత్రం నవ్వు రాలేదు. అక్కడ పెట్టె తీసుకున్నతను అందరికన్నా ఎక్కువగా పొగిడినవాడు. మమ్మల్ని గుమ్మంలో చూడగానే అతని మొహం పాలిపోయింది. లోపలికెళ్ళి చూస్తే మాస్టారి పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది, దాని మీద టీవీ ఉంది. చూస్తుంటే గిటారు ప్లగ్గు పెట్టి చాలాకాలమైనట్టుంది. మాస్టారు దగ్గరకెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసి, "టీవీకి ఎత్తు సరిపోయిందయ్యా," అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు గాని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అతను తలొంచుకుని, "మీకు చెప్పలేకపోయేనండి," అన్నాడు.

టీవీ దించి, పెట్టె తెరిచి, మాస్టారే చిన్న కెపాసిటరు మార్చారు. చేతులు మాత్రం ఎప్పటిలాగే నిలకడగా ఉన్నాయి. అతను వాయించాడు. నేను విన్నాను. బాగుంది, చాలా బాగుంది. వంటింట్లోంచి అతని భార్య చేపల గిన్నె పట్టుకునే వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. మాస్టారికి తేడా తెలియదు. ఆయన మా మొహాలే చూస్తున్నారు. ఒకరి తరవాత ఒకరిని చూసి, "ఆవిడ గిన్నె దించడం మరిచిపోయింది. అయితే బాగున్నట్టే," అన్నారు.

తిరుగు బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. అమలాపురం దాటాక, "వాళ్ళది తప్పు కాదమ్మా. నన్ను చూస్తే వాళ్ళకి నోరు రాలేదు. నీకు వచ్చింది. రేపట్నుంచి వినే పని నీది. కట్టే పని నాది," అన్నారు. నేను తలూపాను. అంత బరువు నా మీద ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు.

ఆ తరవాత చాలా ఏళ్ళు అలాగే చేశాం. నేను ఏరేదాన్ని, ఆయన కట్టేవారు. ఎవరొచ్చినా, "ఇందులో వినే చెవి మా పద్మది," అని ఆయనే చెప్పేవారు, ఏమీ దాచుకోకుండా. పిన్నిగారు భయపడినట్టు ఆయన పెట్టెలు వదిలిపెట్టలేదు. నాతో మళ్ళీ మాట్లాడటానికి మాత్రం ఆవిడకి కొంచెం కాలం పట్టింది.

ఆయన సొంతానికి వాయించుకునే పెట్టె ఒకటుండేది. అందులోనూ వెయ్యి విలువ కెపాసిటరే ఉంది. "మరి దీన్ని మార్చనా అండీ?" అని అడిగాను.

"వద్దమ్మా. అదొక్కటీ ఉంచు. అందులో నాకు వినపడుతుంది," అన్నారు.

రోజూ సాయంత్రం ఆ పెట్టె పెట్టుకుని వాయించుకునేవారు. వీధిలో కిటికీలు ఒకటొకటే మూసుకునేవి. పిన్నిగారు చెవుల్లో దూది పెట్టుకుని ఆయన పక్కనే చాప మీద కూర్చునేది, ఆయన ఆపేదాకా లేచేది కాదు. మాస్టారు పోయాక ఆ పెట్టెని ఆవిడే మా ఇంటికి మోయించి పంపించింది. దాని లోపల నేనేమీ మార్చలేదు. ఎప్పుడైనా గుర్తొచ్చినప్పుడు గిటారు తగిలించేదాన్ని, రెండు నిమిషాలు ఓర్చుకోలేక కట్టేసేదాన్ని. ఆయన్ని తలుచుకోవడానికి అదీ ఒక మార్గమే అనుకునేదాన్ని.

నాకిప్పుడు యాభై దాటాయి. మొన్న పనంతా అయ్యాక మాస్టారి పెట్టె తీసి వాయించాను. పాట మొత్తం వాయించాను. హాయిగా ఉంది. ఒక్కో స్వరం కడిగినట్టు వినపడుతోంది. ఇన్నాళ్ళూ దీన్ని ఎందుకు తిట్టుకున్నానా అని కూడా అనుకున్నాను. ఇంతలో పక్కగదిలో చదువుకుంటున్న మా అమ్మాయి లేచి, చప్పుడు కాకుండా మా మధ్య తలుపు దగ్గరగా వేసింది.

గిటారు పక్కన పెట్టేశాను. వెళ్ళి తలుపు తీసి, "గుచ్చుతోందా?" అని అడిగాను.

"లేదమ్మా, బాగుంది," అంది నవ్వుతూ.

నాకు భయం వేసింది. వెళ్ళి దాని మంచం మీద ఎదురుగా కూర్చుని, పుస్తకం మూసి, "బాగాలేదని చెప్పు తల్లీ," అన్నాను. అది నా మొహం వంక చాలాసేపు చూసి, మెల్లిగా చెప్పింది.